ముసురు పట్టకముందే: పాత కంప్యూటర్‌కు ర్యామ్ వేసుకునేవారికి జాగ్రత్తలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి కనుక, ఇంట్లోని పాత కంప్యూటర్‌కు ర్యామ్ (నడుస్తున్న పనుల సమాచారాన్ని కంప్యూటర్ తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ) పెంచుకోవాలనుకునేవారు ఆ పనిని ముసురు పట్టకముందే ముగించుకోవడం మంచిది. చేతిలో ర్యామ్ ముక్క పట్టుకుని ఉండగా కరెంటు వచ్చిపోతూ ఉంటే ఏ పనీ నిదానంగా సాగదు.

కొనేముందు పాత ర్యామ్‌ను తీసి దుకాణానికి వెంట తీసుకువెళ్లండి. డెస్క్‌టాప్ ర్యామ్‌లో డీడీఆర్2, డీడీఆర్3 అనే రకాలు రెండింటికీ పిన్నులు 240, పొడవూ ఒకటే; కానీ మొదటిది 1.8 వోల్టులతో, రెండవది 1.5 వోల్టులతో పనిచేస్తాయి. ఒకదాని స్థానంలో మరొకటి దిగకుండా అడుగున ఉండే గాడిని వేర్వేరు చోట్ల పెట్టారు. పక్కపక్కన ఆనించి చూస్తే ఆ తేడా కొద్ది మిల్లీమీటర్లే. చాలా ఏళ్ల క్రితం ఒంగోలులో మా బంధువుల ఇంట నేను దీన్ని గమనించక గట్టిగా నొక్కడంతో ర్యామ్ దిగే స్లాట్ మధ్యనున్న ప్లాస్టిక్ గట్టు విరిగింది, ఆ స్లాట్ మళ్లీ పనికిరాలేదు. అందుకే గాడి కలవనప్పుడు బలం వాడవద్దని ఇంతగా చెబుతున్నాను. ఇంకొక మాట: 32 బిట్ విండోస్ ఉన్న ఇంట్లో 4 జీబీకి మించి కొనడం డబ్బు వృథా, అంతకు మించిన ర్యామ్‌ను అది వాడుకోలేదు.

పని మొదలుపెట్టే ముందు ఫొటోలను, పొలం కాగితాల స్కాన్ కాపీలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, ఎందుకంటే చెడిన ర్యామ్ దస్త్రాలను కూడా పాడుచేయగలదు. ఆపై స్విచ్ ఆపడంతో సరిపెట్టక ప్లగ్గునే ఊడదీసి, మిగిలిన విద్యుత్తు పోయేలా పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. కేబినెట్‌ను తాకితే చేయి జిల్లుమనే ఇళ్లలో ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత ముందే చూపించుకోవాలి. ర్యామ్‌ను ముట్టుకునే ముందు ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా కేబినెట్ లోపలి రంగు వేయని ఇనుమును తాకండి. వేసవి పడమటి గాలికి ఒళ్లంతా ఎండిపోయే రోజుల్లో ఇది మరీ ముఖ్యం.

కావలి, కొత్తపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి పిన్నులపై పొర పట్టవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. చేతులు తుడుచుకునే శానిటైజర్ జెల్ వాడితే జిగట మిగులుతుంది. ముక్కను అంచుల దగ్గరే పట్టుకుని, రెండు చివరలా సమానంగా నొక్కితే పక్క క్లిప్పులు టక్కుమని వాటంతటవే పడతాయి.

ఆన్ చేయగానే బీప్ శబ్దాలు ఆగి ఆగి వస్తే, మళ్లీ ప్లగ్గు తీసి, ముక్కను సరిగా కూర్చోబెట్టండి. తెర వచ్చాక, ర్యామ్‌ను పరీక్షించేందుకు విండోస్‌లోనే ఉండే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌ను కరెంటు నిలకడగా ఉన్న వేళ నడిపించండి. లోపం చూపితే ఒక్కొక్క ముక్కనే విడిగా పెట్టి మళ్లీ పరీక్షించి, తప్పు కొత్తదానిదేనని తేలాక బిల్లుతో సహా దుకాణానికి తీసుకువెళ్లండి. అంతవరకు కేబినెట్ మూత బిగించవద్దు.