బడ్జెట్ గేమింగ్ పీసీ మొరాయిస్తే ముందు ఏం చూడాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పార్టులు కొనుక్కొచ్చి ఇంట్లో బిగించిన పీసీ మొదటి రోజే పేచీ పెడితే, వెంటనే బండెక్కి మళ్లీ షాపుకు వెళ్లకండి. పార్టు నిజంగా పాడై రావడం తక్కువ. సరిగ్గా కూర్చోని ర్యామ్, మార్చని సెట్టింగ్, ఎర్తింగ్ లేని ప్లగ్గు, వీటివల్లే ఎక్కువ తంటా. కింది లెక్కలన్నీ రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. ఇంటెల్ ఐ5 12400ఎఫ్ వాళ్లకూ దాదాపు ఇవే పనికొస్తాయి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది

మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. 5600కీ, పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకీ సొంత గ్రాఫిక్స్ ఉండదు. కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో ఉంటే ఎంతసేపు కూర్చున్నా బొమ్మ రాదు. కింద అడ్డంగా ఉండే గ్రాఫిక్స్ కార్డు పోర్టులో పెట్టాలి.

అది సరిగ్గానే ఉంటే తర్వాతి అనుమానం ర్యామ్ మీద. స్లాటు కొసన ఉన్న క్లిప్పు దానంతటదే పైకి లేచి టక్‌మని పట్టుకునేదాకా నొక్కాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే ఉంటుంది, రెండో కొస కూర్చుందో లేదో కంటితో చూడాల్సిందే. బోర్డు విరుగుతుందేమోనని భయపడి సగం నొక్కి వదిలేసేవాళ్లే ఎక్కువ. పాత ర్యామ్ అయితే బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి పెట్టండి.

ప్రాసెసర్ పక్కన, బోర్డు పై మూలన ఉండే 8 పిన్నుల పవర్ కేబుల్ పెట్టడం మరిచిపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, బూట్ మాత్రం కాదు. ఇవన్నీ సరే అయితే బయాస్ (పీసీని మొదట లేపే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) చూడాలి. చాలాకాలం షాపులో ఉండిపోయిన బీ450 రకం మదర్‌బోర్డులో పాత బయాస్ ఉంటే 5600ను గుర్తుపట్టదు. బోర్డు కొన్న షాపులో పాత రైజెన్ పెట్టి అప్‌డేట్ చేయమని అడగండి.

గేమ్ నడుస్తోంది, కానీ ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనబడే ఫ్రేములు) రావట్లేదు

కొత్త కార్డు కొనాలనే ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. తొందరపడకండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, ఆడుతున్నప్పుడు జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం ఎంత శాతమో స్క్రీన్ మీద కనబడేలా పెట్టుకోండి. 97, 98 శాతం దగ్గర నిలబడితే కార్డు తన శక్తంతా పెడుతున్నట్టే. షాడోలు, రిజల్యూషన్ తగ్గించుకోవడమే దారి. ఎఫ్‌పీఎస్‌కు పరిమితి ఏదీ పెట్టకుండానే వాడకం 60 దగ్గర ఊగిసలాడుతూ గేమ్ తడబడితే కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందన్నమాట. లోపం ప్రాసెసర్ వైపో, ర్యామ్ వైపో ఉంది.

ఇక్కడా ముందు ర్యామ్ సంగతే. 16 జీబీ ఒక్క స్టిక్కుగా తీసుకుంటే ప్రాసెసర్‌కు ఒకే దారి దొరుకుతుంది. 8 జీబీవి రెండు పెడితే రెండు దారులు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండూ ఉన్నా మొదటి రెండు స్లాట్లలోనే గుచ్చితే మళ్లీ ఒకటే దారి. అలాంటి బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టండి. సొంత గ్రాఫిక్స్ ఉన్న 5600జీ ప్రాసెసర్ తీసుకుని కార్డు లేకుండా ఆడేవాళ్లకు ఈ తేడా మరీ ఎక్కువ, ఎందుకంటే దాని గ్రాఫిక్స్ వాడుకునేది కూడా ఈ ర్యామ్‌నే.

తర్వాత టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిచి స్పీడ్ చూడండి. 3200 ర్యామ్‌కు డబ్బు కట్టారు, అక్కడ 2133 లేదా 2400 కనబడుతోందా? బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. కొన్ని బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అంటారు. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 1600 అని కనబడితే కంగారుపడొద్దు, అది సగం చేసి చూపిస్తుంది.

కార్డు ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే ఇంకో మెలిక ఉంది. దానికి ఉన్నవి నాలుగు లేన్లే, అంటే బోర్డుతో డేటా పంచుకునే దారులు. పీసీఐఈ (కార్డును బోర్డుకు కలిపే స్లాటు) 4.0లో నెట్టుకొస్తుంది. బీ450 బోర్డులో, లేదా 5600జీ ప్రాసెసర్‌తో, 3.0కి పడిపోయి గేముల్లో ఎఫ్‌పీఎస్ తగ్గుతుంది. దీనికి సెట్టింగ్ ఏమీ లేదు, కొనేముందే చూసుకోవాలి.

144 హెర్ట్జ్ మానిటర్ కొని 60లోనే ఆడుతున్నవాళ్లు కూడా తక్కువేం కాదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేట్ మార్చండి. ఆ జాబితాలో 144 లేకపోతే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి.

గేమ్ మధ్యలో టప్పున ఆరిపోతోంది

విండోస్‌లో పీసీ తప్పులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఉంటుంది. అది చూసి ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) పోయిందని తేల్చేయకండి. మామూలుగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం.

సినీబెంచ్ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్‌ను ఒక్కదాన్నే పది నిమిషాలు నడపండి. తర్వాత ఫర్‌మార్క్ అనే అలాంటిదాంతో కార్డును ఒక్కదాన్నే. విడివిడిగా నిలబడి, రెండూ కలిపితే ఆరిపోతే అప్పుడు ఎస్ఎంపీఎస్‌ను గట్టిగా అనుమానించవచ్చు.

ఇక దాని పక్కనున్న స్టిక్కరు చదవండి. పెద్దక్షరాల్లో 450 వాట్లని ఉన్నా, చూడాల్సింది 12 వోల్టుల గడిలోని ఆంపియర్లు. కేబినెట్‌తో పాటు వచ్చే చవక రకాల మీద అక్కడ 18 ఆంపియర్లే ఉందనుకోండి. 12ను 18తో గుణిస్తే 216 వాట్లు. ఆర్‌ఎక్స్ 6600కి 132, పూర్తి లోడులో 5600కి 76, వెరసి 208. బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ ఇంకా లెక్కలోకే రాలేదు. అదే గడిలో 36 ఆంపియర్లుంటే 432 వాట్లు, అది నిజమైన 450. డబ్బు తగ్గించుకోవాలంటే లైట్ల ఫ్యాన్లలో తగ్గించుకోండి, ఎస్ఎంపీఎస్‌లో మాత్రం వద్దు.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలోనే పీసీ ఆరిపోతోందా? ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దానికి మార్చండి. మామూలు మోడ్‌లో అది మారడానికి పట్టే సమయం పీసీకి ఎక్కువైపోతుంది.

ఏప్రిల్, మే వస్తే స్పీడు పడిపోతోంది

బయట 40 దాటిందంటే ఏసీ లేని గది 35 దగ్గర ఉంటుంది. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే లోపలి పార్టులూ ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతాయి. డిసెంబరులో 75 చూపించిన ప్రాసెసర్ మేలో 88 చూపిస్తే వింతేమీ కాదు. 5600కి హద్దు 90, అక్కడికి చేరితే తనంతట తానే నెమ్మదిస్తుంది.

గేమ్ నడుస్తుండగా పక్క తలుపు తీయండి. ఐదు నిమిషాల్లో ఎనిమిది, పది డిగ్రీలు తగ్గితే కేబినెట్‌లోకి గాలి చాలట్లేదని అర్థం. ముందువైపు మూసి ఉన్న గాజు, దుమ్ము పట్టిన జాలీ, లేదా అన్ని ఫ్యాన్లూ గాలిని బయటికే నెట్టేలా బిగించడం కారణం. ఫ్యాన్‌లో అడ్డకమ్మీలూ స్టిక్కరూ ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది, దాన్నిబట్టి తిప్పి బిగించండి. తలుపు తీసినా తగ్గకపోతే కూలర్ సరిగ్గా ఆనలేదు. విడిగా కొన్న కూలర్ అయితే అడుగున ప్లాస్టిక్ పొర ఒలిచారో లేదో కూడా చూసుకోండి. ఏఎం4 (5600 కూర్చునే సాకెట్) కూలర్‌ను చల్లగా ఉన్నప్పుడు లాగితే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పేస్టు గట్టిపడి ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. పది నిమిషాలు నడిపి, ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి, కొద్దిగా అటూఇటూ తిప్పుతూ తీయాలి. కొత్త పేస్టు బఠానీ గింజంత చాలు.

కొండాపూర్, నార్సింగి లాంటి కట్టడాలు లేస్తున్న చోట్ల జాలీని రెండు వారాలకోసారి తుడవాలి. నీళ్ల ఎయిర్ కూలర్‌ను మాత్రం నేరుగా కేబినెట్ మీదికి తిప్పొద్దు. తడిగాలికి దుమ్ము బంకలా పట్టేస్తుంది.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది

ఎర్తింగ్ లేదు. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు బాడీకి వస్తుంది, ఎర్త్ లేకపోతే అది పోయే దారి మీరే. మల్టీమీటర్‌తో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. పాత ఇళ్లలో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది, వేసవిలో అందులో నీళ్లు పోస్తే చాలాసార్లు సరైపోతుంది. సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేద్దామని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోకండి. న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగితే కేబినెట్ బాడీకి పూర్తి 230 వోల్టులు వచ్చేస్తాయి.

ఇవన్నీ చూసినా కుదరకపోతే

షాపుకు తీసుకెళ్లక తప్పదు. సీరియల్ నంబరున్న జీఎస్టీ బిల్లు వెంట పెట్టుకోండి. బయల్దేరేముందు గ్రాఫిక్స్ కార్డును స్లాటులోంచి తీసి, దాని పెట్టెలో విడిగా పెట్టండి. స్పీడ్‌బ్రేకర్ల మీద బండి ఎగిరిందంటే కార్డు బరువుకు మదర్‌బోర్డు స్లాటే విరగొచ్చు, విరిగినదానికి వారంటీ రాదు.