వెన్నుపాము దెబ్బతిన్న నాన్నను ఎండాకాలంలో ఇంటికి తెచ్చేముందు

తాటిచెట్టు మీంచి పడినా, బండి జారినా, డాబా మెట్ల మీద కాలు తప్పినా వెన్నుపాముకు తగిలే దెబ్బ ఒకటే. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఇలాంటి రోగుల కోసం వార్డు తెరిచేనాటికి వాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీస్తున్నది నరాల దెబ్బ కాదు, పడక పుండ్లు, మూత్రం ఇన్ఫెక్షన్. ఆయన పట్టుబట్టి చేయించిన పని రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పడం. రాత్రుళ్లు కూడా. ఆ పని ఇప్పుడు మీ ఇంటికొచ్చింది. స్పర్శ పోయిన చోట మంట తెలియదు, నొప్పి తెలియదు, మూత్రం నిండిందీ తెలియదు. కాబట్టి నాన్న చెప్పేదాకా ఆగకుండా గడియారం చూసి చేయాలి.

డిశ్చార్జ్‌కు ముందు డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకోండి: దెబ్బ ఏ పూస దగ్గర, పూర్తిగా తెగిందా కొంత మిగిలిందా, మామూలు బీపీ ఎంత, రక్తం పలచబడే ఇంజెక్షన్ ఎన్నాళ్లు, వెన్నుకు కట్టే బెల్టు ఎప్పుడు వేయాలి ఎప్పుడు తీయాలి. దెబ్బ టీ6 దగ్గరా (ఛాతీ వెనుక ఉండే పన్నెండు పూసల్లో పైనుంచి ఆరోది) లేదా అంతకంటే పైనా అన్నది తప్పక తెలియాలి. కింద చెప్పే రెండు పెద్ద ప్రమాదాలు దాన్నిబట్టే ఉంటాయి. మూత్రం తీసే పైపు (క్యాథెటర్) వేయడం, పక్కకు తిప్పడం, కుర్చీలోకి మార్చడం నర్సు ముందు మీ చేత్తో చేసి చూపించాకే బయల్దేరండి. ఒక్కరు కాదు, ఇంట్లో ఇద్దరు నేర్చుకోవాలి.

ఎండ

దెబ్బ టీ6కు పైన ఉంటే ఒంట్లో సగానికి పైగా చెమట పట్టదు. బయట వేడి ఎక్కితే లోపల వేడీ ఎక్కుతుంది. తెలంగాణ, రాయలసీమల్లో ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు మామూలే కాబట్టి రేకుల గదిలోనో, డాబా పై అంతస్తులోనో మంచం వేయకండి. కింది అంతస్తులో, పడమటి ఎండ గోడకు తగలని గది చూడండి. పొడి గాలి ఉన్న ఊళ్లలో కూలర్ బాగా పనిచేస్తుంది. కోస్తాలో గాలిలోనే తేమ ఉంటుంది గనక కూలర్ వల్ల పెద్దగా చల్లబడదు, అక్కడ వీలైతే ఏసీ కావాలి. గది వేడి ఒంటి వేడిని మించాక ఫ్యాను ఒక్కటే తిప్పితే వేడి గాలే కొడుతుంది. తడిగుడ్డతో మెడ, చంకలు, ఛాతీ, తొడలు తుడిచి అప్పుడు ఫ్యాను వేయాలి. ఐసు ముక్క నేరుగా పెట్టకండి, స్పర్శ లేని చర్మం కమిలిపోతుంది.

థర్మామీటర్ 100.4 దాటగానే పారాసిటమాల్ వేసేస్తారు. ఎండ వల్ల ఎక్కిన వేడి ఆ మాత్రతో దిగదు. ముందు చల్లని గదిలోకి మార్చి, బట్టలు తగ్గించి, తడిగుడ్డతో తుడిచి అరగంటకు మళ్లీ చూడండి. దిగితే అది ఎండ వేడి. దిగకపోతే మూత్రంలోనో, ఊపిరితిత్తుల్లోనో, పుండులోనో ఇన్ఫెక్షన్ ఉందనుకుని అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మాట తడబడినా, మత్తుగా ఉన్నా, 103 దాటినా ఒళ్లు తడుపుతూనే 108కి ఫోన్ చేయండి.

నీళ్లు, పైపు

ఎండాకాలంలో ఎక్కువ ఇళ్లలో జరిగే తప్పు ఇక్కడే. నీళ్లు తాగితే మళ్లీ పైపు వేయడానికి కొడుకునో కూతురినో పిలవాలి కదా అని నాన్న తాగడం తగ్గించేస్తారు. ఎవరికీ చెప్పరు. మూత్రం ముదురు రంగుకు తిరిగి, ఇన్ఫెక్షన్ వచ్చాకే మీకు తెలుస్తుంది. చేతులు బాగా పనిచేస్తుంటే తన పైపు తనే వేసుకోవడం ఆసుపత్రిలోనే నేర్పించండి. అమ్మ అయితే మొదట్లో చిన్న అద్దం పెట్టుకుని నేర్చుకుంటారు. వాళ్ల మొహమాటానికి ఇంతకు మించిన మందు లేదు. చేతులు పనిచేయకపోతే ఎవరు చేయాలన్నది నాన్ననే తేల్చుకోనివ్వండి. చేసేటప్పుడు తలుపు వేసి, దుప్పటి కప్పండి.

ఎప్పటికప్పుడు పైపు వేసి తీసే పద్ధతిలో 4 నుంచి 6 గంటలకోసారి తీయాలి. ఒక్కసారికి 500 మి.లీ. దాటకూడదు. దాటిందంటే వ్యవధి తగ్గించాలి గానీ నీళ్లు తగ్గించకూడదు. డాక్టర్ వేరే లెక్క చెప్పకపోతే మామూలు రోజుల్లో రెండు లీటర్ల దాకా, మండే ఎండల్లో ఇంకో అర లీటరు. మజ్జిగ, చారు కూడా ఇందులో లెక్కే. రాత్రి ఏడు దాటాక తగ్గిస్తే అర్ధరాత్రి లేవాల్సిన పని తగ్గుతుంది. తాగినదీ తీసినదీ రెండు గళ్ల పుస్తకంలో రాయండి.

బ్యాగుతో పైపు ఉంచేసినవారికి బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు, సగం దాటగానే ఖాళీ చేయాలి. గొట్టాన్ని తొడకు టేపుతో అంటించండి. తిప్పేటప్పుడు లాగితే లోపల చిట్లి రక్తం వస్తుంది. మూత్రం మడ్డిగా ఉన్నంత మాత్రాన మందుల షాపులో యాంటీబయోటిక్ కొనకండి. జ్వరం, చలి, కాళ్లు బిగుసుకోవడం ఎక్కువవడం కనిపిస్తే పరీక్షకు ఇచ్చి డాక్టర్ చెప్పినదే వాడండి.

చర్మం

రోజుకు రెండుసార్లు, మొబైల్ టార్చ్‌తో, ఈ చోట్లు: నడుము కింద ఎముక, రెండు తుంటులు, పిరుదుల కింద కూర్చునే ఎముకలు, మడమలు, చీలమండలు. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతోంది. ఎరుపు అలాగే ఉండిపోతే పుండు మొదలైంది, అది పూర్తిగా పోయేదాకా ఆ పక్క ఆనకూడదు. చామనఛాయ ఒంటిమీద ఎరుపు కనబడకపోవచ్చు. పక్క చర్మం కంటే వెచ్చగానో గట్టిగానో ఉందేమో వేళ్ల వెనుకవైపుతో తాకి చూడండి. ఆ చోట రుద్దకండి, నూనె మర్దనా చేయకండి. రబ్బరు ట్యూబు కింద పెడితే దాని అంచులు చుట్టూ నొక్కి రక్తం ఇంకా ఆగుతుంది. పౌడర్ చెమటతో కలిసి గడ్డకట్టి గీసుకుంటుంది.

మొలతాడు ముడి, దానికి కట్టిన తాయెత్తు, లుంగీ మడత, ప్యాంటు వెనుక జేబు కుట్టు: వీటిలో ఏదైనా సరే, రాత్రంతా కింద ఉంటే చాలు, పుండు పడుతుంది. మొలతాడు తీయడానికి నాన్న ఒప్పుకోకపోతే ముడి పొట్టమీదకు తిప్పండి.

ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేస్తారు. అది సాయం మాత్రమే. గాలి సరిపోయిందో లేదో తెలియాలంటే తుంటి కింద, పరుపు అడుగున అరచేయి దూర్చండి. ఎముక చేతికి తగులుతుంటే గాలి చాలదు. కరెంటు పోతే అది చప్పబడి మనిషి చెక్కమీద పడుకున్నట్టే ఉంటుంది, అందుకే అడుగున నాలుగంగుళాల ఫోమ్ పరుపు ఉంచండి, పంపును ఇన్వర్టర్‌కు కలపండి. మడమలు గాలిలో తేలేలా పిక్కల కింద దిండు పెట్టాలి. పైకి జరపాలంటే ఈడ్చకండి, కింద దుప్పటి వేసి ఇద్దరు పట్టి ఎత్తండి. కుర్చీలో ఉన్నప్పుడు ప్రతి అరగంటకోసారి రెండు నిమిషాలు ముందుకు వంగాలి, లేదా పక్కకు ఒరగాలి.

స్నానం నీళ్ల వేడి మీ మోచేత్తో చూడండి. ఎండలో వదిలేసిన కుర్చీ ఇనుము, ఒళ్లో పెట్టుకున్న టీ గ్లాసు కూడా కాలుస్తాయి, ఆయనకు తెలియదు.

తల పగిలిపోయేంత నొప్పి

దెబ్బ టీ6 దగ్గరో పైనో ఉన్నవారికి, దెబ్బకు కింది భాగంలో ఏదో ఇబ్బంది అయితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తలనొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, ముక్కు దిబ్బడ, రోమాలు నిక్కబొడుచుకోవడం దీని గుర్తులు. నాన్నకు బీపీ పై అంకె మామూలుగా 100 ఉంటే 140 కూడా ప్రమాదమే. దగ్గర్లో డాక్టర్ 140 నార్మలే అనవచ్చు, అందుకే ఆయన మామూలు బీపీ రాసిన కార్డు జేబులో ఉండాలి. పడుకోబెట్టకండి. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, బెల్టు, సాక్సు, బట్టలు వదులు చేయండి. తర్వాత పైపు మెలిక పడిందా, బ్యాగు నిండిందా చూడండి. పైపు లేకపోతే వెంటనే వేసి మూత్రం తీయండి. ఎక్కువసార్లు కారణం అదే. తర్వాత మలబద్ధకం, బిగుతు చెప్పు, చర్మంలోకి గుచ్చుకున్న బొటనవేలు గోరు. ఐదు నిమిషాలకోసారి బీపీ చూస్తూ, 150 దాటినా, కారణం దొరకకపోయినా 108.

కూర్చోబెట్టగానే కళ్లు తిరిగి చీకట్లు కమ్మితే అది దీనికి తిరగబడింది, బీపీ పడిపోయింది. అప్పుడు కుర్చీ వెనక్కి వాల్చి కాళ్లు ఎత్తాలి. ఏది ఏదో తేల్చడానికి ఇంట్లో బీపీ మిషన్ ఉండి తీరాలి.

ఒక కాలు రెండోదానికంటే వాచి వెచ్చగా ఉంటే మర్దనా చేయించకండి. లోపల గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తులకు వెళ్లవచ్చు. ఆ రోజే డాప్లర్ స్కాన్ (కాలి రక్తనాళాల్లో గడ్డ ఉందేమో చూసే స్కాన్) చేయించండి. హఠాత్తుగా ఆయాసం వస్తే 108.

విరేచనం రోజూ ఒకే వేళకు, తిన్న అరగంట తర్వాత అలవాటు చేయండి. డాక్టర్ మలద్వారంలో బిళ్ల పెట్టమంటే, దాన్ని మలంలోకి కాకుండా పేగు గోడకు ఆనేలా పెడితేనే పనిచేస్తుంది.

గడప అంగుళం ఎత్తున్నా చక్రాల కుర్చీ ముందు చక్రాలు ఆగిపోయి మనిషి ముందుకు పడతాడు. రెండువైపులా చెక్క వాలు వేయించండి. మెట్ల దగ్గర వాలు అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున ఉండాలి. బాత్రూం తలుపు 32 అంగుళాలు లేకపోతే తలుపు రెక్క తీసి పరదా కట్టేయండి.

వైకల్య సర్టిఫికెట్‌కు (ఆంధ్రప్రదేశ్‌లో సదరం) ముందే అర్జీ పెట్టుకోండి, పింఛనుకు అదే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15 వేలు ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016కు పెరిగింది. శిబిరానికైనా, ఆసుపత్రికైనా పొద్దున్నే ఎనిమిదిలోపు చేరేలా, బయల్దేరేముందు మూత్రం తీసి, కారు సీటు మీద కుర్చీ కుషన్ వేసి తీసుకెళ్లండి. నీళ్ల సీసా, తడి తువ్వాలు, రెండు పైపులు, ఆ కార్డు ఒకే సంచిలో పెట్టండి.