కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేశాక కమాండ్లు పనిచేయట్లేదా? పాత్ సెట్టింగ్స్ ఇలా సరిచేసుకోండి

పాత కంప్యూటర్‌కి కొత్త ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్ 11 ఎక్కించి, హమ్మయ్య అనుకుంటూ నిన్నటిదాకా బాగా నడిచిన కమాండ్ ఏదో ఒకటి కొడతాం. "ఈజ్ నాట్ రికగ్నైజ్డ్ యాజ్ యాన్ ఇంటర్నల్ ఆర్ ఎక్స్‌టర్నల్ కమాండ్" అని వస్తుంది. చాలామంది వెంటనే ఆ ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, ఇంకొందరైతే టెన్షన్‌లో విండోస్‌నే మళ్లీ వేసేస్తారు. దయచేసి అంత దూరం వెళ్లకండి. ఎక్కువసార్లు ప్రోగ్రామ్ డిస్క్‌లోనే ఉంటుంది, అది ఎక్కడుందో విండోస్‌కి తెలియట్లేదు, అంతే.

పాత్ అంటే ఫోల్డర్ల అడ్రస్‌ల జాబితా. ఒక్కో అడ్రస్‌కీ మధ్య సెమికోలన్ ఉంటుంది. మీరు ఒక పేరు కొట్టగానే విండోస్ ఆ జాబితాని మొదటి నుంచి వరుసగా చూసుకుంటూ పోతుంది, ఆ పేరుతో ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ముందు దొరికితే దాన్నే నడిపేస్తుంది, ఇక మిగతావి చూడదు. ఈ "ముందు దొరికితే" అన్న మాట గుర్తుంచుకోండి, సగం సమస్యలు అక్కడే ఉంటాయి. జాబితాలు కూడా రెండు: సిస్టమ్‌ది ఒకటి, మీ యూజర్ అకౌంట్‌ది ఒకటి. విండోస్ రెండింటినీ కలిపి చదువుతుంది, సిస్టమ్‌ది ముందు, మీది తర్వాత.

ముందు కాపీ తీసి పెట్టుకోండి

స్టార్ట్ మెనూలో "ఎన్విరాన్‌మెంట్" అని టైప్ చేస్తే "ఎడిట్ ద సిస్టమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్" అని కనిపిస్తుంది. అది తెరిచి, కింద ఉన్న "ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్" బటన్ నొక్కండి. పై పెట్టెలో మీ అకౌంట్‌వి, కింది పెట్టెలో సిస్టమ్‌వి ఉంటాయి, రెండింట్లోనూ పాత్ అనే లైన్ ఉంటుంది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే ఒక్కో ఫోల్డర్ ఒక్కో వరుసలో కనిపిస్తుంది. పక్కనున్న "ఎడిట్ టెక్స్ట్" నొక్కి, అడిగినదానికి ఓకే అంటే మొత్తం ఒకే లైన్‌గా వస్తుంది. దాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, క్యాన్సిల్ కొట్టి బయటికి రండి. రెండో పెట్టెకీ ఇలాగే చేసి, ఏది దేనిదో పైన రాసి, ఫైల్ సేవ్ చేయండి. రెండు నిమిషాల పని, కానీ తర్వాత ఏం పాడైనా వెనక్కి రావడానికి దారి ఉంటుంది.

ఏ విండోలో కొడుతున్నారో చూసుకోండి

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ పాత విండోస్ నుంచి వచ్చినవాళ్లని బాగా తికమక పెడుతుంది. విండోస్ 11లో టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిస్తే మామూలుగా వచ్చేది పవర్‌షెల్, మీకు అలవాటైన కమాండ్ ప్రాంప్ట్ కాదు. కమాండ్ ప్రాంప్ట్ మీరున్న ఫోల్డర్‌లో కూడా ప్రోగ్రామ్ కోసం వెతుకుతుంది, పవర్‌షెల్ వెతకదు. అక్కడ పేరుకి ముందు ఒక చుక్క, ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి. కాబట్టి ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే నిలబడి కొడుతున్నా ఎర్రర్ వస్తుంటే పాత్ జోలికి వెళ్లక్కర్లేదు. కింద చెప్పేవన్నీ కమాండ్ ప్రాంప్ట్‌లోనే చేయండి. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొడితే అది వస్తుంది.

విండోస్‌నే అడగండి

నాకు అన్నిటికంటే నచ్చిన కమాండ్ "వేర్". ఇంగ్లీషులో ఎక్కడ అని అడుగుతాం చూడండి, అదే మాట. అది కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ప్రోగ్రామ్ పేరు కొట్టండి. మీరున్న ఫోల్డర్‌లోనూ పాత్‌లోనూ ఆ పేరుతో ఏమేం ఉన్నాయో వరుసగా చెప్తుంది. పవర్‌షెల్‌లో మాత్రం ఈ మాటకి వేరే అర్థం ఉంది, అందుకే అక్కడ కొడితే ఏమీ రాదు.

ఏమీ దొరకలేదని వస్తే, జాబితాలో ఆ ఫోల్డర్ లేనట్టు. లేదా జాబితాలో ఉన్న ఫోల్డర్ నిజంగా డిస్క్‌లో లేనట్టు.

రెండు మూడు లైన్లు వచ్చాయంటే మామూలుగా నడిచేది మొదటిదే. మీరు కొత్త వెర్షన్ వేసినా పాతదే నడుస్తోందంటే కారణం ఇక్కడే దొరుకుతుంది. పాతది సిస్టమ్ జాబితాలో ఉండి కొత్తది మీ యూజర్ జాబితాలో చేరితే, కొత్తదాన్ని మీ జాబితాలో ఎంత పైకి జరిపినా లాభం లేదు, సిస్టమ్‌ది ఎప్పుడూ ముందే. పాత లైన్‌ని సిస్టమ్ జాబితాలోంచి తీసేయాలి, లేదంటే కొత్తదాన్ని కూడా అక్కడే దాని పైన పెట్టాలి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోందా? "వేర్" తో చూస్తే విండోస్‌యాప్స్ అనే ఫోల్డర్ అడ్రస్ మొదట కనిపిస్తుంది. అక్కడున్నది అసలు పైథాన్ కాదు, స్టోర్‌కి పంపించే సున్నా బైట్ల ఫైల్. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో అడ్వాన్స్‌డ్ యాప్ సెట్టింగ్స్, అందులో "యాప్ ఎగ్జిక్యూషన్ అలియాసెస్" కి వెళ్లి పైథాన్ పేరున్న స్విచ్‌లు ఆఫ్ చేయండి. అంతే.

డ్రైవ్ అక్షరం మారిందేమో

నన్ను ఒక పూట కూర్చోబెట్టిన సమస్య ఇదే. వీడియోలు కత్తిరించడానికి వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే టూల్ పాత హార్డ్ డిస్క్‌లో ఉండేది, పాత్‌లో దాని అడ్రస్ "డి:\టూల్స్\ఎఫ్ఎఫ్ఎంపెగ్\బిన్". పాత్ తెరిచి చూస్తే లైన్ ఉంది, స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది, అయినా కమాండ్ పలకలేదు. లైన్‌ని పదే పదే చదివాను. చివరికి ఆ అడ్రస్‌ని అలాగే కాపీ చేసి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన అడ్రస్ బార్‌లో పేస్ట్ చేస్తే అలాంటిది లేదంది. కొత్త ఎస్ఎస్‌డీ వేశాక పాత డిస్క్ అక్షరం డి నుంచి ఇ కి మారిపోయింది!

అందుకే చెప్తున్నాను, పాత్‌లో లైన్ ఉన్నంత మాత్రాన నమ్మకండి. అనుమానం ఉన్న ప్రతి అడ్రస్‌నీ ఎక్స్‌ప్లోరర్‌లో పేస్ట్ చేసి, ఆ ఫోల్డర్ తెరుచుకుంటోందా, లోపల ఆ ప్రోగ్రామ్ ఫైల్ కళ్లకి కనిపిస్తోందా అని చూడండి. అక్షరమే మారి ఉంటే పాత్‌లో దిద్దుకోవచ్చు, లేదా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి పాత అక్షరమే తిరిగి ఇవ్వచ్చు. ఆ డిస్క్‌లో చాలా ప్రోగ్రాములు ఉంటే రెండోదే మేలు, షార్ట్‌కట్లు కూడా వాటంతటవే బాగవుతాయి. ఆ అక్షరాన్ని ఇప్పుడు వేరే డ్రైవ్ వాడుకుంటుంటే ముందు దాన్ని మార్చాలి. విండోస్ ఉన్న సి డ్రైవ్ అక్షరాన్ని మాత్రం ముట్టుకోకండి.

32 బిట్ విండోస్ నుంచి వచ్చినవాళ్లకి ఇంకోటి. విండోస్ 11 64 బిట్‌లోనే వస్తుంది. 32 బిట్ ప్రోగ్రాములు ఇప్పుడు "ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86)" అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి, కాబట్టి పాత నోట్స్ చూసి అడ్రస్ కొడుతుంటే ఆ తేడా చూసుకోండి.

పింగ్ కూడా పనిచేయకపోతే

పింగ్, ఐపీకాన్ఫిగ్ లాంటి విండోస్ సొంత కమాండ్లకి కూడా అదే ఎర్రర్ వస్తోందంటే సిస్టమ్ పాత్‌లోంచి సిస్టమ్32 లైన్ ఎగిరిపోయినట్టు. "వేర్" కూడా అక్కడి ప్రోగ్రామే కాబట్టి అదీ పలకదు. కంగారు పడకండి. సిస్టమ్ జాబితా తెరిచి, "న్యూ" నొక్కి ఈ నాలుగూ ఇంగ్లీషు అక్షరాల్లో (SystemRoot, System32, Wbem, WindowsPowerShell, v1.0 అని) ఒక్కోటిగా చేర్చి, "మూవ్ అప్" తో పైకి తీసుకురండి:

%సిస్టమ్‌రూట్%\సిస్టమ్32
%సిస్టమ్‌రూట్%
%సిస్టమ్‌రూట్%\సిస్టమ్32\డబ్ల్యుబెమ్
%సిస్టమ్‌రూట్%\సిస్టమ్32\విండోస్‌పవర్‌షెల్\వి1.0

ఇలా ఎగిరిపోవడానికి ఒక పెద్ద కారణం "సెట్ఎక్స్" కమాండ్. పాత్‌కి ఒక ఫోల్డర్ చేర్చడానికి ఇది కొట్టండి చాలు అని చాలాచోట్ల రాస్తారు. అది 1024 అక్షరాలు దాటినదాన్ని కత్తిరించేస్తుంది. ఏళ్ల తరబడి వాడిన కంప్యూటర్‌లో పాత్ అంత పొడవు ఉండటం మామూలే. పైగా ఆ చెప్పే పద్ధతిలో సిస్టమ్ జాబితా, మీ జాబితా కలిసిపోయి ఒకేచోట చేరతాయి. పాత్ కోసం దాన్ని అసలు వాడకండి, పైన చెప్పిన విండోలోనే మార్చండి.

ఇప్పటికే కత్తిరించుకుపోయి, కాపీ కూడా లేకపోతే, మార్పుకి ముందు తెరిచిన కమాండ్ ప్రాంప్ట్ ఏదైనా ఇంకా తెరిచే ఉందేమో చూడండి. దానికి పాత జాబితా ఇంకా గుర్తుంటుంది, అందులో పాత్ అని కొడితే మొత్తం చూపిస్తుంది. మూసేయకుండా వెంటనే కాపీ చేసుకోండి.

సరిచేశాక

తెరిచిన డబ్బాలన్నిటికీ ఓకే కొట్టండి, పాత్ మార్చిన డబ్బాకీ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ డబ్బాకీ కొట్టకపోతే సేవ్ కాదు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ మూసి కొత్తది తెరవండి. పాత విండోలోనే మళ్లీ మళ్లీ కొట్టి "ఇంకా రావట్లేదు" అనుకునేవాళ్లు ఎందరో. కోడ్ ఎడిటర్ లోపలి టెర్మినల్ వాడుతుంటే ఎడిటర్‌నే పూర్తిగా మూసి తెరవాలి. కొత్త విండోలో మళ్లీ "వేర్" కొట్టండి. మీరు అనుకున్న ఫోల్డరే మొదటి లైన్‌లో వచ్చి, ప్రోగ్రామ్ మాత్రం డీఎల్‌ఎల్ అనే సహాయక ఫైల్ దొరకలేదనో ఇంకేదో అనో ఆగిపోతుంటే పాత్‌ది తప్పు కాదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సింది ఇప్పుడు, ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే.