శాన్ ఆంటోనియో మిషన్ చర్చిలకి వెళ్లేవాళ్లు వానల టైమ్‌లో చూస్కోవాల్సినవి

2025 జూన్‌లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో తెల్లవారుజామున పడ్డ వానకి 13 మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది కార్లతో సహా కొట్టుకుపోయినవాళ్లే. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నుంచి మనవాళ్లు వీకెండ్‌కి ఫ్యామిలీతో మిషన్లు (స్పానిష్ వాళ్ల కాలం నాటి పాత చర్చిలు) చూడ్డానికి వెళ్తూనే ఉంటారు కాబట్టి రాస్తున్నా. నీళ్ల బాటిల్, టోపీ లాంటివి మీకు చెప్పక్కర్లేదు.

అసలు ప్రమాదం చర్చిలో లేదు, ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి వెళ్లే దారిలో ఉంది. కాన్సెప్సియోన్, శాన్ హోసే, శాన్ హువాన్, ఎస్పాడా నాలుగూ నది వెంబడే ఉన్నాయి, పొలాలకి నీళ్లు కావాలని 1700ల్లో స్పానిష్ ఫాదర్లు అక్కడే కట్టించారు, ఎస్పాడా కాలవలో ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి. అందుకే చుట్టుపక్కల రోడ్లు చాలాచోట్ల వాగు మట్టానికే ఉంటాయి, మన ఊళ్లల్లో లోలెవల్ కాజ్‌వేలు ఉంటాయే అలాగే. పైగా డౌన్‌టౌన్ మునక్కుండా కట్టిన వరద సొరంగం నీళ్లని తెచ్చి మిషన్లకి ఎగువనే వదుల్తుంది. మీరున్న చోట ఎండ కాస్తుండొచ్చు, వాన ఊరికి ఉత్తరాన పడి ఉండొచ్చు, నీళ్లు మాత్రం మీ దగ్గరికే వస్తాయి.

కాబట్టి రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు దించొద్దు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారుని లాక్కెళ్లిపోతాయి, రెండడుగులైతే ఎస్‌యూవీలు కూడా ఆగవు. రోడ్డు వాగు దాటే క్రాసింగ్ పక్కన అడుగులు గీసిన కొలత స్తంభం ఉంటుంది కానీ దాన్ని నమ్ముకుని లెక్కలెయ్యొద్దు, ఎర్రటి బురదనీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి ఎవరికీ కనపడదు. ముందు కారు దాటింది కదా అని మీరూ దించొద్దు. బారికేడ్ తప్పించుకుని వెళ్తే టెక్సస్‌లో అది నేరం, 2000 డాలర్ల దాకా ఫైన్, 180 రోజుల దాకా జైలు. వీసా మీద ఉన్నవాళ్లు అది కూడా ఆలోచించుకోండి.

బయల్దేరేముందు బేర్ కౌంటీ (శాన్ ఆంటోనియో ఉండే కౌంటీ) ఫ్లడ్ మ్యాప్ ఆన్‌లైన్‌లో చూడండి, ఏ క్రాసింగ్ మూసేశారో లైవ్‌గా కనపడుతుంది. జీపీఎస్ చూపించింది కదా అని పోవద్దు. ఫోన్‌లో వరద వార్నింగ్ మోగితే సైలెంట్ చెయ్యకండి. అప్పుడు నది పక్క ట్రెయిల్ మీద సైకిళ్లు తొక్కుతుంటే వెంటనే పైకి వచ్చెయ్యండి, ఆరంగుళాల నీళ్లకే మనిషి కాళ్లు నిలవవు. పిల్లల్ని ఎస్పాడా అక్విడక్ట్ (కాలవ నీళ్లని వాగు మీదుగా దాటించే పాత రాతి వంతెన) ఎక్కనివ్వద్దు. పాత గోడలకి ఆనుకోవద్దు, కాన్సెప్సియోన్‌లో గోడల మీది పాత రంగుల బొమ్మలు ముట్టుకోవద్దు, ఫ్లాష్ వద్దు. ఇవి నాలుగూ ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చిలే, మాస్ నడుస్తుంటే లోపల తిరుగుతూ ఫొటోలు తియ్యొద్దు. గడ్డిలో చెప్పుల్లేకుండా వద్దు, ఫైర్ యాంట్స్ (మంట పుట్టేలా కుట్టే చీమలు) ఉంటాయి. మళ్లీ చెప్తున్నా, నీళ్లలోకి కారు దించొద్దు, ఎస్పాడా ఒక్కటే మిగిలిపోయింది అది కూడా చూసేద్దాం అని వెనక సీట్లోంచి ఎవరన్నా సరే దించొద్దు. చీకటి పడి వాన పడుతుంటే అటువైపే వద్దు, హోటల్లో ఉండిపోండి, పొద్దున రోడ్లు తెరిచాక వెళ్లండి.