డప్పు కాచే మంట వేశాక బయలుదేరండి

ఊళ్లలోనూ కాలనీ మైదానాల్లోనూ జరిగే డప్పు ప్రదర్శనలకు ఆహ్వానంలో రాత్రి 7 గంటలని వేసినా, దరువు మొదలయ్యేసరికి చాలాసార్లు 9 దాటుతుంది. చిన్నపిల్లలతో వెళ్లినవారికి ఆ 2 గంటలే అసలు కష్టం. తోలు డప్పు చల్లబడితే వదులై మొద్దుగా పలుకుతుంది కనుక, కళాకారులు వాయించబోయే ముందు ఎండుగడ్డితోనో చితుకులతోనో చిన్న మంట వేసి, తోలు బిగిసి ఖంగుమని మోగేదాకా డప్పును కాచుకుంటారు. అందుచేత వేదిక పక్కనే ఇల్లున్న తెలిసినవారికి ముందే చెప్పి ఉంచి, మంట వేయగానే ఫోన్ చేయమనండి. మీ ఇల్లు 10 నిమిషాల నడక దూరంలో ఉంటే, అప్పుడు బయలుదేరినా తొలి దరువు సాధారణంగా అందుతుంది. వీలైతే నేరుగా కుర్చీల వైపు కాకుండా ఆ మంట దగ్గరికే వెళ్లండి, ఎందుకంటే మోత సరిచూసుకోవడానికి వారు వేసే విడి దరువులు మైకు రొద లేకుండా వినిపించేది అక్కడే (నాకైతే కొన్నిసార్లు అసలు ప్రదర్శన కన్నా అవే నచ్చాయి). అయితే ప్లాస్టిక్ పొర బిగించిన డప్పులు వాడే బృందాలకు మంటతో పనిలేదు. వారు వచ్చీరాగానే మొదలుపెట్టగలరు కాబట్టి, ఏ రకం డప్పులు తెస్తున్నారో నిర్వాహకులను ముందురోజే అడిగి తెలుసుకోండి.