ఇంట్లో బీరు ఎలా తయారు చేయాలి? మొదటి పది లీటర్ల కోసం

ఇంట్లో బీరు చేయడం గురించి వెతకడం మొదలుపెడితే ముందు కళ్లు తిరుగుతాయి. స్టీలు డ్రమ్ములు, పంపులు, డిజిటల్ కంట్రోలర్లు, నీళ్లలో కాల్షియం ఎంత ఉండాలో చెప్పే పట్టికలు, ఇవన్నీ చూసి ఇది మనవల్ల అయ్యే పని కాదులే అనిపిస్తుంది. అదంతా పక్కన పెట్టండి. మొదటి బ్యాచ్ బాగా రావాలంటే రెండే విషయాలు గట్టిగా పట్టుకోవాలి: చల్లారిన తర్వాత బీరును తాకే ప్రతి వస్తువూ శుభ్రంగా ఉండాలి, ఈస్ట్ పనిచేసే రోజుల్లో వేడి అదుపులో ఉండాలి. రెసిపీ వీటి తర్వాతే. ఖరీదైన హాప్స్ వేసి 30 డిగ్రీల గదిలో వదిలేసిన బీరు కంటే, మామూలు మాల్ట్‌తో 19 డిగ్రీల దగ్గర పులిసిన బీరే తాగడానికి బాగుంటుంది.

మొదలుపెట్టే ముందు మీరుండే చోట చట్టం ఏమంటుందో చూసుకోండి. మద్యం తాగే వయసు, ఇంట్లో తయారు చేసుకునే హక్కు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. అమెరికాలో కూడా 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతోనే ఇంటి బీరుకు ఫెడరల్ స్థాయిలో అనుమతి దొరికింది, అలబామా, మిసిసిపీ రాష్ట్రాలైతే 2013 దాకా ఒప్పుకోలేదు. అనుమతి ఉన్న చోట కూడా సొంతానికి చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. ఇక బట్టీ పెట్టి సారా దించడం పూర్తిగా వేరే సంగతి, ఆ జోలికి వెళ్లొద్దు.

ఏమేం కావాలి?

బీరులో ఉండేవి నాలుగే: నీళ్లు, మాల్ట్, హాప్స్, ఈస్ట్. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్, చక్కెర అందులోంచి వస్తుంది. హాప్స్ అంటే ఒక తీగకు కాసే పచ్చని పూలు, చేదూ వాసనా వాటివే. ఈ రెండింటితో మరిగించిన తియ్యటి రసాన్ని వర్ట్ అంటారు. ఆ చక్కెర తిని ఆల్కహాల్‌నూ గ్యాస్‌నూ వదిలేది ఈస్ట్. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదని శాసనం చేసినప్పుడు అందులో ఈస్ట్ పేరే లేదు, అది ప్రాణమున్న సూక్ష్మజీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టి దానికి ఇవ్వాల్సిన మర్యాద ఇద్దాం.

గింజలు నానబెట్టి చక్కెర తీసే పద్ధతి మొదటిసారే వద్దు. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి కొనుక్కోండి, ఆ పని తయారీదారులే చేసి ఎండబెట్టి ఇస్తారు. ఇదేదో దొడ్డిదారి అని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి. దీనితోనూ చాలా మంచి బీరు వస్తుంది.

పది లీటర్లకు నేను చెప్పే పేల్ ఏల్ (లేత రంగు బీరు రకం) లెక్క ఇది: లేత రంగు మాల్ట్ పొడి 1.3 కిలోలు, కాస్కేడ్ హాప్స్ 40 గ్రాములు, సాఫేల్ యూఎస్-05 లాంటి పొడి ఈస్ట్ ప్యాకెట్ ఒకటి. సీసాల్లో పోసేటప్పుడు వేయడానికి మామూలు పంచదార కొంచెం.

సామాన్లలో 16 లీటర్ల గిన్నె, మూత గట్టిగా పట్టే 15 లీటర్ల ఫుడ్‌గ్రేడ్ బకెట్, దాని మూతకు ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బయటికి పంపి, బయటి గాలిని రానివ్వనిది), థర్మామీటర్, హైడ్రోమీటర్ (రసంలో చక్కెర ఎంతుందో చూపేది), సైఫన్ పైపు (పై పాత్రలోంచి కింది పాత్రలోకి బీరు దించేది), సీసాలు, మూతలు, మూతలు బిగించే సాధనం. గిన్నె చిన్నదైతే అన్నీ సగం చేసుకోండి, ఐదు లీటర్లు చేసినా నేర్చుకునేది అంతే. వీటితో పాటు, వాడాక మళ్లీ నీళ్లతో కడగాల్సిన అవసరం లేని శానిటైజర్ ఒకటి, స్టార్ శాన్ లాంటిది. ఇందులో మాత్రం పిసినారితనం వద్దు.

కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు

కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. కంటికి కనిపించే మురికి పోవాలంటే సబ్బుతోనో పౌడర్‌తోనో తోమాలి. కనిపించని సూక్ష్మజీవులు పోవాలంటే ఆ తర్వాత శానిటైజర్ తగలాలి. మురికి మీద శానిటైజర్ పోస్తే దాని కింద దాక్కున్నవి హాయిగా బతుకుతాయి. స్టార్ శాన్ అయితే లీటరు నీళ్లకు సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్లు కలిపి, వస్తువు అంతటా తడిసేలా ఒకటి రెండు నిమిషాలు ఉంచితే చాలు. నురగ మిగిలినా భయం లేదు, అలాగే వాడొచ్చు. బకెట్, మూత, ఎయిర్‌లాక్, సైఫన్, గరిటె, కత్తెర (ఈస్ట్ ప్యాకెట్ కోసే కత్తెర కూడా), అన్నీ ఇందులో మునగాలి. ఒక స్ప్రే సీసాలో ఇదే నీళ్లు నింపి పక్కన పెట్టుకుంటే చేతులకూ కుళాయికీ అనుమానం వచ్చినప్పుడల్లా కొట్టుకోవచ్చు. బ్లీచ్ వాడేవాళ్లు దాన్ని బాగా కడిగేయాలి, వెనిగర్‌లాంటి ఆమ్లంతో అస్సలు కలపకూడదు, విషవాయువు వస్తుంది.

గీతలు పడిన ప్లాస్టిక్ బకెట్‌ను ఎంత కడిగినా నమ్మలేం. లోపల గరుకు పీచుతో తోమకండి, గీతలు కనిపిస్తే బకెట్ మార్చేయండి.

మరిగించే రోజు

మూడు నాలుగు గంటలు ఖాళీ పెట్టుకోండి. గిన్నెలో 12 లీటర్ల నీళ్లు పోయండి. తాగడానికి బాగుండే నీళ్లయితే బీరుకూ బాగుంటాయి, కాకపోతే కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే బీరులో మందుల వాసన వస్తుంది. మరిగిస్తే క్లోరిన్ పోతుంది గానీ కొన్ని ఊళ్లలో వాడే క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. దానికి క్యాంప్‌డెన్ మాత్ర (క్లోరమైన్‌ను విరిచే సల్ఫైట్ మాత్ర)లో పావు ముక్క పొడి చేసి వేస్తే సరిపోతుంది.

నీళ్లు వేడెక్కాక మంట ఆపి మాల్ట్ పొడి వేసి కలపండి. మంట మీదే వేస్తే అడుగంటి మాడిపోతుంది. ఆవిరికి పొడి ఉండకట్టేస్తుంది కాబట్టి ప్యాకెట్‌ను గిన్నె మీద ఎక్కువసేపు పట్టుకోకుండా ఒక్కసారిగా వంచేయండి. మళ్లీ మంట పెట్టాక మరుగు మొదలయ్యే ఆ ఐదు పది నిమిషాలు మాత్రం ఎక్కడికీ కదలొద్దు, పాలు పొంగినట్టే పొంగుతుంది, పైగా పొయ్యికి అంటుకున్న వర్ట్ జిగురును గీకడం పాల కంటే కష్టం. నురగ అణిగాక 15 గ్రాముల హాప్స్ వేసి టైమర్ 60 నిమిషాలకు పెట్టండి. ఇవి చేదు కోసం. చివరి 15 నిమిషాలు ఉందనగా 10 గ్రాములు, మంట ఆపేశాక మిగిలిన 15 గ్రాములు. ముందు వేసినవి చేదునిస్తాయి, చివర్లో వేసినవి వాసననిస్తాయి, హాప్స్ లెక్కలన్నింటికీ మూలం ఇదే: మరిగేకొద్దీ చేదు పెరుగుతుంది, సువాసన ఆవిరైపోతుంది.

మరుగుతున్నంతసేపూ మూత పెట్టకండి. ఉడికిన మొక్కజొన్న వాసన తెచ్చే పదార్థం ఒకటి ఆవిరితో పాటు బయటికి పోవాలి.

మంట ఆపాక త్వరగా చల్లార్చాలి. గిన్నెకు మూత పెట్టి, ఐసు వేసిన నీళ్ల తొట్టిలో దించి, చుట్టూ నీళ్లు కదుపుతూ ఉంటే అరగంటలోనో కాస్త ఎక్కువలోనో 20 డిగ్రీలకు వస్తుంది. వర్ట్ చల్లబడిన ఈ క్షణం నుంచే శుభ్రత రూల్ అమల్లోకి వస్తుంది. బకెట్‌లోకి ఎత్తునుంచి ధారగా పోయండి, నురగ రావాలి, ఎందుకంటే ఈస్ట్ పెరగడానికి ఈ ఒక్కసారికి ఆక్సిజన్ కావాలి. పది లీటర్లకు తగ్గితే మరిగించి చల్లార్చిన నీళ్లు కలపండి. హైడ్రోమీటర్‌లో 1.048 దగ్గర్లో చూపించాలి, ఆ అంకె రాసిపెట్టుకోండి. ఈస్ట్ పైన చల్లి, మూత బిగించి, ఎయిర్‌లాక్‌లో నీళ్లు పోసి వదిలేయండి.

రెండు వారాలు, అసలు పని ఇక్కడే

ఒకరోజులోపు ఎయిర్‌లాక్ బుడగలు వేయడం మొదలవుతుంది. ఇప్పుడు చాలామంది బుడగలు లెక్కపెడుతూ కూర్చుంటారు, కానీ చూడాల్సింది థర్మామీటర్‌ను. ఈ రకం ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీలు అనువు. పులుస్తున్నప్పుడు వేడి పుడుతుంది కాబట్టి బకెట్ లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు, అంటే గది 22 ఉంటే లోపల 25 దాటొచ్చు. మొదటి మూడు నాలుగు రోజులే కీలకం, బీరు రుచి చాలావరకు అప్పుడే తేలిపోతుంది. మరీ వేడెక్కితే ఘాటైన, గొంతు మండించే ఆల్కహాల్ తయారవుతుంది, తర్వాత ఎన్నాళ్లు ఉంచినా అది పూర్తిగా పోదు.

ఫ్రిజ్, కంట్రోలర్ లేకపోయినా చేసుకోవచ్చు. బకెట్‌ను పెద్ద టబ్బులో పెట్టి సగం ఎత్తుకు నీళ్లు పోయండి, బకెట్‌కు ఒక పాత టీషర్టు తొడిగితే అది నీళ్లు పీల్చుకుని ఆరుతూ చల్లబరుస్తుంది, ఉదయం సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాలు ఒకటి రెండు టబ్బులో వేస్తూ ఉండండి. చేత్తో పనే గానీ బాగా పనిచేస్తుంది. ఈ హాబీ మీద కొంచెం డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే మెరిసే గిన్నెల మీద కాదు, పాత ఫ్రిజ్, టెంపరేచర్ కంట్రోలర్ మీద పెట్టండి.

మూత తీసి చూడాలని చేయి దురద పెడుతుంది. తీయకండి. బుడగలు ఆగిపోయాయని టెన్షన్ పడకండి, మూత సందులోంచి గ్యాస్ పోతున్నా ఆగుతాయి. అయిపోయిందో లేదో చెప్పేది హైడ్రోమీటర్ ఒక్కటే: 12 రోజుల తర్వాత ఒకసారి, మూడు రోజులాగి ఇంకోసారి చూడండి. రెండుసార్లూ ఒకే అంకె, అదీ 1.010 నుంచి 1.012 దగ్గర ఉంటే పని పూర్తయినట్టు. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, మనది సుమారు 4.8 అవుతుంది. ఇంటి సీసాకు లేబుల్ ఉండదు కాబట్టి ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఈ శాతం చెప్పి ఇవ్వండి.

సీసాల్లో నింపడం

ఇక్కడ ఆట వద్దు, సీసాలు పేలతాయి. ఇంకా పులుస్తున్న బీరును నింపినా, చక్కెర ఎక్కువ వేసినా లోపల ఒత్తిడి పెరిగి గాజు ముక్కలు ఎగురుతాయి. లీటరుకు 6 గ్రాముల పంచదార, అంతే. మడ్డి పోగా తొమ్మిది లీటర్లు మిగిలితే 54 గ్రాములు. చెంచాలతో కొలవకండి, తూకం వేయండి. కొన్ని నీళ్లలో మరిగించి చల్లార్చి, శానిటైజ్ చేసిన ఇంకో బకెట్‌లో పోసి, దాని మీదకు బీరును సైఫన్‌తో నెమ్మదిగా దించండి. ఈసారి మాత్రం చిందకూడదు, ఈస్ట్ వేసేటప్పుడు మేలు చేసిన ఆక్సిజనే ఇప్పుడు బీరును తడిసిన అట్టలాంటి రుచికి మారుస్తుంది. అడుగున ఉన్న మడ్డి జోలికి పైపు పోనివ్వకండి.

బీరు కోసమే చేసిన మందపాటి గోధుమరంగు సీసాలు వాడండి. పచ్చవి, తెల్లవి వద్దు, వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి ముక్కు మూసుకోవాల్సిన కంపు వస్తుంది. పైన రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఒక చిట్కా: సీసాల్లో ఒకటి సోడా వచ్చే ప్లాస్టిక్‌ది పెట్టుకోండి. అది నొక్కితే రాయిలా గట్టిగా అయ్యిందంటే మిగతావాటిలోనూ గ్యాస్ పట్టినట్టే. 20 డిగ్రీల పైనున్న చీకటి చోట రెండు వారాలు, ఆ తర్వాత రెండు రోజులు ఫ్రిజ్‌లో.

తాగడం కూడా నేర్చుకోవాలి

సీసాతో తాగకండి, ఇంత చేసి వాసన చూడకపోతే ఎలా? నూనె జిడ్డు లేని గ్లాసును పక్కకు వంచి పోస్తూ చివర్లో నిలబెడితే పైన రెండు వేళ్ల నురగ నిలుస్తుంది. అడుగు సెంటీమీటరు సీసాలోనే వదిలేయండి, అది ఈస్ట్ మడ్డి. తాగినా ప్రమాదం లేదు గానీ రుచి మసకబారుతుంది. మంచులా చల్లగా ఉంటే నాలుకకు ఏమీ తెలియదు. పేల్ ఏల్‌కు 8, 10 డిగ్రీలు, నల్లటి స్టౌట్‌కు ఇంకాస్త వెచ్చగా, తేలిక లాగర్‌కు 5 దగ్గర. దుకాణంలో అదే రకం మంచి క్రాఫ్ట్ బీరు ఒకటి తెచ్చి పక్కన పెట్టుకుని, ఒక్కో గుటక మార్చి మార్చి తాగితే మీ బీరులో ఏం తక్కువైందో మాటల్లో పెట్టడం తేలికవుతుంది.

తప్పు రుచులన్నింటికీ కారణాలు ఉంటాయి. పచ్చి ఆపిల్ వాసన వస్తే తొందరపడి నింపారు. వెన్న రుచి వచ్చిందంటే ఈస్ట్‌కు చివర్లో ఇంకో రెండు రోజులు ఇవ్వాల్సింది. పుల్లగా ఉండి, రోజురోజుకూ గ్యాస్ పెరుగుతుంటే ఏదో సూక్ష్మజీవి దూరింది, ఆ సీసాలన్నీ వెంటనే చల్లబరిచి, చేతికి తువ్వాలు చుట్టుకుని తెరిచి పారబోయండి. మంచి విషయం ఏమిటంటే బీరులో ఉండే ఆమ్లం, ఆల్కహాల్, హాప్స్ కలిసి రోగాలు తెచ్చే క్రిములను సాధారణంగా పెరగనివ్వవు, కాబట్టి చెడిపోయిన బీరు చాలావరకు నోటికే శిక్ష. బూజు పట్టినదాన్ని మాత్రం రుచి చూడొద్దు.

హాప్స్ వాసన ఎక్కువున్న బీరు దాచేకొద్దీ పేలవమవుతుంది, రెండు నెలల్లో ఖాళీ చేయడం మేలు. రెండో బ్యాచ్‌కు కొత్త రెసిపీ వెతక్కుండా ఇదే మళ్లీ చేసి, ఒక్కటి మాత్రం మార్చండి. కాస్కేడ్ బదులు సాజ్ అనే ఇంకో రకం హాప్స్ వేయండి, లేదా హాప్స్ అవే ఉంచి గోధుమ మాల్ట్ పొడి, జర్మన్ గోధుమ బీరు ఈస్ట్ వాడండి. అరటిపండు, లవంగం వాసనలు రెండూ ఏ పండూ ఏ మసాలా వేయకుండా ఒక్క ఈస్ట్ నుంచే వస్తాయి, 18 డిగ్రీల దగ్గర లవంగం, 22 దగ్గర అరటిపండు ముందుకొస్తాయి. టబ్బు, థర్మామీటరు అప్పుడూ కావాలి, బయటే ఉంచండి.