పీవీ మీద వ్యాసం రాస్తున్నారా? ముందు పట్టిక కట్టండి

జూన్ 28 దగ్గర పడుతోందంటే పత్రికల ప్రత్యేక పేజీలకూ కాలేజీ సావనీర్లకూ పీవీ నరసింహారావు మీద వ్యాసాలు తయారవుతుంటాయి. ‘అపర చాణక్యుడు’ అన్న మాట దాదాపు అన్నింట్లో ఉంటుంది. ఆయన ఏ ఏడు ఎక్కడి నుంచి గెలిచారన్నది మాత్రం సగంవాటిలో తప్పే. నాలుగు దశాబ్దాలు చట్టసభల్లో ఉన్న నాయకుడి గురించి రాసేటప్పుడు తప్పులు ఎక్కువగా దొర్లేది ఒక పదవి ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట. అందుకే వాక్యాల జోలికి పోకముందే పట్టిక కట్టుకోవాలి.

అయిదు గడులు చాలు: పదవి, నియోజకవర్గం లేదా శాఖ, మొదలైన రోజు, ముగిసిన రోజు, ఆధారం. పీవీకి వరుసలు ఇరవై దాటతాయి. అయిదో గడి ఖాళీగా ఉన్న వరుసను వ్యాసంలోకి రానివ్వొద్దు. సంస్మరణ వ్యాసాలను ఆధారంగా తీసుకోకండి. అవి ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవి, ఒకరి తప్పు పదిమందిలో కనిపిస్తుంది. ఎన్నికలకు ఎన్నికల సంఘం గణాంక నివేదికలు, సభ్యత్వానికి లోక్‌సభ వెబ్‌సైట్‌లోని మాజీ సభ్యుల పేజీలు, చట్టాలకు గెజిట్ చూడాలి. ఆస్తుల అఫిడవిట్ కోసం వెతికి లాభం లేదు. ఆ నిబంధన 2003లో స్థిరపడింది, పీవీ చివరిసారి పోటీ చేసింది 1996లో.

ముందు ఊళ్లు తేల్చుకోండి. పుట్టింది 1921 జూన్ 28న, నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో. పెరిగింది భీమదేవరపల్లి మండలం వంగరలో. ఈ రెండూ కలిపేసి ‘వంగరలో జన్మించారు’ అని రాసేస్తుంటారు. జిల్లా పేరు ఇంకో తలనొప్పి. వంగర చాలాకాలం కరీంనగర్ జిల్లాలో ఉంది, 2016లో వరంగల్ అర్బన్‌లోకి వచ్చింది, 2021లో ఆ జిల్లాయే హనుమకొండ అయింది. ‘అప్పటి కరీంనగర్, ఇప్పటి హనుమకొండ జిల్లా’ అని ఒక్కసారి రాసి వదిలేయండి. పుట్టినప్పుడు ఆ ఊళ్లు నిజాం రాజ్యంలో ఉన్నాయి కాబట్టి ‘ఆంధ్రప్రదేశ్‌లో పుట్టారు’ అన్నది ఎలా చూసినా తప్పే.

ఎన్నికల దగ్గర తొందరపడొద్దు. మంథని నుంచి 1957, 1962, 1967, 1972లో వరుసగా నాలుగుసార్లు గెలిచారు. 1957 నివేదిక తెరిస్తే కోస్తా, రాయలసీమ స్థానాలు కనిపించవు. ఫైలు పాడైందనుకోకండి. అక్కడ 1955లోనే ఎన్నికలైపోయాయి, 1957లో అసెంబ్లీకి ఓటేసింది తెలంగాణ మాత్రమే. వెతికేటప్పుడు నియోజకవర్గం పేరుతో వెతకండి, మనిషి పేరు ఒక్కో నివేదికలో ఒక్కో స్పెల్లింగుతో ఉంటుంది.

లోక్‌సభకు 1977, 1980లో హన్మకొండ నుంచి వెళ్లారు. 1984లో రెండు చోట్ల నిలబడి హన్మకొండలో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడారు, మహారాష్ట్రలోని రాంటెక్‌లో గెలిచారు. ఆ ఏడాది దేశం మొత్తం మీద బీజేపీకి దక్కిన రెండు సీట్లలో హన్మకొండ ఒకటి. ఈ ఓటమిని దాచి ‘1984లోనూ గెలిచారు’ అని తేల్చేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. అబద్ధం కాకపోయినా, చదివేవాడు హన్మకొండే అనుకుంటాడు. 1989లో మళ్లీ రాంటెక్.

1991లో అసలు చిక్కు ఉంది. ఆ సార్వత్రిక ఎన్నికల్లో పీవీ పోటీ చేయలేదు. నివేదికలో నంద్యాల దగ్గర గంగుల ప్రతాపరెడ్డి పేరుంటుంది. ఆయన రాజీనామా చేస్తే నవంబరులో ఉప ఎన్నిక జరిగి పీవీ గెలిచారు. సార్వత్రిక ఎన్నికల నివేదికలో ఉప ఎన్నికలు ఉండవు, విడిగా వెతకాలి. జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు, ఆరు నెలల్లో గెలవాల్సిందే. ఈ గడువు చెప్పకపోతే ప్రధాని అయ్యాక ఉప ఎన్నిక ఎందుకో పాఠకుడికి అంతుపట్టదు. మెజారిటీ 5 లక్షల 80 వేలకు పైనే. ఆ అంకె వేస్తే, ఎన్టీఆర్ తెలుగుదేశం తరఫున పోటీ పెట్టలేదన్న మాట కూడా పక్కనే వేయాలి. లేకపోతే అది అంకెతో ఆడిన అబద్ధం.

1996లో నంద్యాల, బరంపురం రెండూ గెలిచి బరంపురం ఉంచుకున్నారు. అది ఒడిశా బరంపురం. పశ్చిమ బెంగాల్‌లో దాదాపు ఇదే పేరుతో ఇంకో లోక్‌సభ స్థానం ఉంది, తప్పు లింకు పడేది అక్కడే.

ముఖ్యమంత్రిగా 1971 సెప్టెంబరు 30న వచ్చి 1973 జనవరిలో దిగారు. రాజీనామా ఇచ్చిన రోజు, ఆమోదించిన రోజు, రాష్ట్రపతి పాలన ప్రకటించిన రోజు ఒకటి కావు. పట్టిక మొత్తానికి ఒకే కొలమానం పెట్టుకోండి. ఎందుకు దిగారన్నది తేదీ కంటే ముఖ్యం. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు (తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే నియమాలు) చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పడం, దానిమీద ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేవడం, మరోపక్క భూ పరిమితి చట్టం మీద భూస్వాముల గుర్రు, ఈ మూడూ కలిపి చెప్పాలి. భూ పరిమితి బిల్లు 1972ది, చట్టం 1973 నాటి 1వ నంబరు చట్టం. రెండు ఏళ్లూ సరైనవే, దేనికి ఏది రాస్తున్నారో చూసుకోండి.

కేంద్రంలో విదేశాంగ శాఖను రెండు విడతలు చూశారు: 1980–84, 1988–89. మధ్యలో హోం, రక్షణ, మానవ వనరులు. రెండు విడతలనూ కలిపేసి ‘1980 నుంచి 89 వరకు’ అనకండి.

1991 సంస్కరణలకు తేదీలు వేస్తేనే కథ నడుస్తుంది. జులై 1న, 3న రెండు దఫాలుగా రూపాయి విలువ తగ్గించారు. జులై 24న పారిశ్రామిక విధానం, అదే రోజు బడ్జెట్. బడ్జెట్ మన్మోహన్ సింగ్‌ది, పరిశ్రమల శాఖ ప్రధాని దగ్గరే ఉంది. ఆ విధానంతో వచ్చిన పరిశ్రమల లైసెన్సుల రద్దులో పీవీ వాటా చెప్పాలంటే ఈ చిన్న విషయం పది విశేషణాల పని చేస్తుంది.

వివాదాలను చివర ఒక పేరాలోకి నెట్టేయకండి, కాలక్రమంలో ఎక్కడొస్తే అక్కడే రాయండి. 1992 డిసెంబరు 6న బాబ్రీ కూల్చివేత గురించి ప్రధానిగా ఆయన ఏం చేశారు, ఏం చేయలేదు అన్నవి వేర్వేరు వాక్యాల్లో ఉండాలి. 1993 జులై 28న అవిశ్వాస తీర్మానం 251–265 ఓట్లతో వీగిపోయింది. ఆ ఓట్ల కోసం జార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) ఎంపీలకు ముడుపులిచ్చారన్న కేసులో పీవీకి 2000లో శిక్ష పడింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఈ రెండూ ఒకే వాక్యంలో ఉండాలి. ఒక్కటే రాస్తే రాసినవాడి పక్షం బయటపడిపోతుంది.

‘17 భాషలు వచ్చు’ అన్న వాక్యం తీసేసి చేసిన పని చూపండి. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను హిందీలోకి ‘సహస్రఫణ్’గా తెచ్చారు, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగు చేశారు.

1500 మాటల వ్యాసమైతే బాల్యం, చదువుకు 150, రాష్ట్ర రాజకీయాలకు 400, కేంద్రంలో మంత్రి పదవులకు 200, ప్రధానిగా అయిదేళ్లకు 600, తర్వాతి కాలానికి 150 పెట్టుకోండి. ముఖ్యమంత్రి కాలాన్ని నాలుగు వాక్యాల్లో దాటేయడం ఢిల్లీ అలవాటు, తెలుగు పాఠకుడికి అది సరిపోదు.

2004 డిసెంబరు 23న ఢిల్లీలో మరణించారు, అంత్యక్రియలు హైదరాబాద్‌లో జరిగాయి. భారతరత్న ప్రకటన 2024 ఫిబ్రవరి 9న, ప్రదానం మార్చి 30న. అచ్చుకు పంపే ముందు వయసులు వేళ్లమీద లెక్కేసి చూడండి: ప్రధాని అయిన రోజుకు ఆయనకు 69 ఏళ్లే, డెబ్భై నిండడానికి ఇంకా వారం ఉంది.